88వ కీర్తన స్టేటస్‌లో ఎవరూ పెట్టరు

లేఆఫ్ మెయిల్ వచ్చి మూడు నెలలైంది. ఈఎంఐ మాత్రం ప్రతి ఐదో తారీఖున ఠంచనుగా కట్ అవుతోంది. చర్చిలో ఎదురైనవాళ్లంతా "అంతా మన మేలుకే బ్రదర్" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట విన్నాక బాధపడటానికి కూడా మొహమాటమేస్తుంది.

నాకు ఊరట దొరికింది కీర్తనల గ్రంథంలో. అందులో ఉన్న 150లో స్తుతులే కాదు, మొరలూ ఫిర్యాదులూ బోలెడు. 13వ కీర్తన ఇంకెన్నాళ్లని దేవుణ్ణి నిలదీస్తూ మొదలై, ఆరు వచనాల్లోనే పాటగా మారిపోతుంది. 88వది అలా కూడా మారదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. (వాట్సాప్ స్టేటస్‌లో దాన్నెప్పుడైనా చూశారా?) అయినా బైబిల్లోంచి దాన్నెవరూ తీసేయలేదు. అంతెందుకు, సిలువ మీద యేసు ప్రభువు పెట్టిన కేక కూడా 22వ కీర్తన మొదటి మాటే కదా!

అది తెలిశాక నా ప్రార్థన మారింది. అందమైన మాటలు వెతుక్కోవట్లేదు. భయం, కోపం, అద్దె బాకీ... ఉన్నదున్నట్టు చెప్పేసి పడుకుంటున్నా. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసుకోవడం తగ్గింది. సోమవారం ఒక ఇంటర్వ్యూ ఉంది, ఈసారి రెండో రౌండ్.