తయారీకి రాయితీ, మరమ్మతుకు మౌనం

న్యూఢిల్లీ:

2024 జూలై 23న ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో బడ్జెట్ ప్రసంగం చదువుతూ కనెక్టర్ల ప్రస్తావన తెచ్చారు. కనెక్టర్ల తయారీకి వినియోగించే కొన్ని విడిభాగాలను కస్టమ్స్ సుంకం నుంచి మినహాయిస్తున్నట్లు ప్రకటించారు. మొబైల్ ఫోన్లపైన, వాటి సర్క్యూట్ బోర్డులపైన, ఛార్జర్లపైన సుంకాన్ని 20 నుంచి 15 శాతానికి తగ్గించినది కూడా ఆ ప్రసంగంలోనే. బడ్జెట్ దినాన విలేఖరుల గ్యాలరీలోని కళ్ళన్నీ ఆదాయపు పన్ను మీదనే వుంటాయి కనుక, కనెక్టర్లను గురించిన ఆ ఒక్క వాక్యం పెద్దగా చర్చకు రాలేదు.

అయినా నా మట్టుకు నాకు ఆ వాక్యం ఆలోచింపదగినదిగా తోచింది. మన విధానకర్తలకు కనెక్టర్ తయారయ్యే వస్తువుగా తెలుసు. ఎగుమతుల లెక్కలో అది కనబడుతుంది. 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలలో, పనికిరాని ఫోనులో భాగంగా మళ్ళీ కనబడుతుంది. పుట్టుకకు ఒక శాఖ, చావుకు ఒక శాఖ వున్నాయి. ఈ రెండింటి నడుమ అది విరిగినప్పుడు బాగుచేసుకునే పౌరుడు మాత్రం ఏ చట్టంలోనూ స్పష్టంగా కనిపించడు.

విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కనుక ముందుగా వస్తువును చూద్దాం. ఫోను వెనుక మూత తెరిస్తే తెర, బ్యాటరీ, కెమెరాలు అన్నీ కాగితం వంటి పలుచని తీగపట్టీలతో ప్రధాన బోర్డుకు కలిసి వుంటాయి. ఆ పట్టీ కొసను బోర్డు మీద పట్టి వుంచే చిన్న గూడే కనెక్టర్. దానిలోని లోహపు కాళ్ళ మధ్య ఎడం చాలా ఫోన్లలో అర మిల్లీమీటరు కూడా వుండదు. మనం రోజూ ఛార్జర్ గుచ్చే రంధ్రం కూడా ఒక కనెక్టరే. పాత మైక్రో రకంలో 5 కాళ్ళు వుంటే, నేటి టైప్-సి రకంలో పూర్తి అమరికకు 24 కాళ్ళు. రెండింటినీ పదివేల సార్లు గుచ్చి తీసినా నిలిచేటట్లు రూపొందించాలన్నది ప్రమాణం. కాని జేబులోని నూలుపోగులు, చెమట, వానచినుకు, ఛార్జి అవుతుండగానే పిల్లలు పక్కకు గుంజే గుంజుడు ఆ ప్రమాణంలో లేవు.

ఇది పాడైనప్పుడు ఇంటిలో ఏ మేరకు బాగుచేసుకోవచ్చును? సామాన్యంగా అనుకొనే దానికంటె ఎక్కువే. రంధ్రంలో నూలు చేరి పిన్ను సరిగా ఆనకపోతే, ఫోను ఆపివేసి, మంచి వెలుతురులో సన్నని చెక్కపుల్లతో మెల్లగా తీసివేయవచ్చును. ఇనుప సూది వాడరాదు. కింద పడినందువల్ల లోపలి తీగపట్టీ ఊడితే తిరిగి అమర్చవచ్చును. అయితే అన్నిటికంటె ముందు బ్యాటరీ కనెక్టర్‌ను విడదీయడం తప్పనిసరి. మడత మూత వున్న గూళ్ళలో మూత లేపకుండా పట్టీని గుంజితే మూత విరుగుతుంది. నొక్కి అమర్చే రకాన్ని వంకరగా నొక్కితే కాళ్ళు వంగుతాయి. చెమ్మ తగిలి పచ్చని చిలుము పట్టినచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని కుంచెతో శుభ్రం చేయవచ్చును. తీసిన మరలను వేటి స్థానంలో వాటినే బిగించవలె. పొట్టి మర వుండవలసిన చోట పొడుగు మర దిగితే బోర్డులోని పొరలే తెగిపోగలవు.

ఇక ఇంటిలో చేయరానివి కూడా వున్నాయి. బోర్డుకు టంకం పెట్టిన కనెక్టర్ విరిగితే దానిని తీసి కొత్తది అతికించడానికి వేడిగాలి యంత్రం, సూక్ష్మదర్శిని, అంతకుమించి చేయి తిరిగినతనం కావలె. వేడి కొంచెం ఎక్కువైతే పక్కనున్న ప్లాస్టిక్ కరుగుతుంది. బలవంతంగా లాగితే బోర్డు మీది రాగి అచ్చులే లేచి వస్తాయి. ఉబ్బిన బ్యాటరీ జోలికి పోరాదన్నది మరీ ముఖ్యం. దానికి మొన తగిలితే మంటలు లేవవచ్చును.

ఇంటికీ దుకాణానికీ మధ్య ఈ గీత ఒకటి వున్నది. ఇది వస్తు స్వభావం గీసిన గీత. దానితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వ్యాపారం గీసిన రెండవ గీతతోనే.

ఒక ఉదాహరణ చూడండి. ఛార్జింగ్ పిన్నును విడిగా ఒక చిన్న పలక మీద అమర్చిన ఫోనులో, పిన్ను చెడితే ఆ పలక మారిస్తే సరిపోతుంది. టంకం అవసరమే లేదు. అదే పిన్నును ప్రధాన బోర్డుకే అతికించిన ఫోనులో పని కష్టమవుతుంది. అటువంటప్పుడు అధికార సేవా కేంద్రం విరిగిన పిన్నును ముట్టుకోకుండా బోర్డు మొత్తం మార్చవలెనంటే, ఖర్చు కొత్త ఫోను వెలకు దగ్గరపడుతుంది. ఖర్చుతోనే పోదు. ఫోటోలు, కాగితాలు, లెక్కలు నిలువ వుండేది ఆ బోర్డు మీదనే. వాటి నకలు మరొకచోట లేనివారికి బోర్డు మార్పిడి అంటే జ్ఞాపకాలు వదులుకోవడమే. మూతను మరలకు బదులు జిగురుతో అంటించడం, మామూలు స్క్రూడ్రైవరు పట్టని మరలు వాడడం, విడిభాగానికీ ఫోనుకూ సాఫ్ట్‌వేర్ ముడివేసి వేరొక భాగం అమర్చితే సరిగా పనిచేయకుండా చేయడం, బోర్డు పటాలను బయటి మెకానిక్కులకు ఇవ్వకపోవడం—ఇవన్నీ రెండవ గీతలోనివే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

దీనిని పట్టణ మధ్యతరగతి సణుగుడుగా కొట్టివేయడానికి వీలులేదు. ప్రభుత్వమే తన కార్యాలయాన్ని ఫోనులోకి మార్చింది. ఉపాధి హామీ పనిప్రదేశాలలో కూలీల హాజరును ఫోను యాప్‌లో నమోదు చేయడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. అంగన్‌వాడీ లెక్కల కోసం పోషణ్ ట్రాకర్ యాప్ 2021లో వచ్చింది. ఆ సంవత్సరమే మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చివేశారు. అవి తరచు చెడిపోతున్నాయనీ, మరమ్మతు ఖర్చు తమ మీద పడుతున్నదనీ వారి ఫిర్యాదులలో ముఖ్యమైనవి. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు టాబ్లెట్ల పంపిణీ ప్రారంభించింది. విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి 5 లక్షలకు పైబడినవారికి ఉద్దేశించిన పథకం అది. పిల్లవాడి చేతిలోని టాబ్లెట్‌లో ముందుగా దెబ్బతినే వాటిలో ఛార్జింగ్ పిన్ను ఒకటని వేరుగా చెప్పనక్కరలేదు. హామీ కాలం దాటిన నాడు దానిని బాగుచేయించగలిగిన ఇంటి పిల్లవాడికి అది పాఠం. చేయించలేని ఇంటి పిల్లవాడికి అది గాజు పలక.

మరమ్మతు చేసేవారు దేశంలో లేరా అంటే, కావలసినంత మంది వున్నారు. ఇక్కడ కరోల్‌బాగ్‌లో సరిహద్దు గాంధీ పేరిట వెలసిన గఫార్ మార్కెట్‌కు, లేదా హైదరాబాదులో ఆబిడ్స్ దగ్గరి జగదీశ్ మార్కెట్‌కు వెళ్ళి చూడండి. బల్ల మీద దీపం, సూక్ష్మదర్శిని, వేడిగాలి గొట్టం పెట్టుకుని, విరిగిన కనెక్టర్‌ను పీకి పాత బోర్డు నుంచి తీసిన మరొకదానిని అతికించే యువకులు వరుసగా కనబడతారు. గఫార్ మార్కెట్‌కు వెళ్ళినప్పుడల్లా నేను కొంతసేపు నిలబడి వారి పని చూస్తుంటాను. శిల్పికుండే నిదానం వారి చేతులలో వున్నది. లేనిదల్లా కంపెనీ ముద్ర వున్న విడిభాగం, కంపెనీ ఇచ్చిన పటం. ఐ.టి.ఐ.లలో స్మార్ట్‌ఫోన్ టెక్నీషియన్ కోర్సు పెట్టి ప్రభుత్వమే యువకులకు శిక్షణ ఇప్పిస్తున్నది. శిక్షణ పొందినవాడు దుకాణం తెరిచిన మరునాటి నుంచి విడిభాగాల కోసం అనధికార బజారు మీద ఆధారపడవలసి రావడం ఏపాటి న్యాయం?

కంపెనీల వాదన వినకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు. లిథియం బ్యాటరీ ప్రమాదకరమైనదనీ, నకిలీ భాగాల వల్ల ఫోను చెడితే చెడ్డపేరు తమకు వస్తుందనీ, మూతలు జిగురుతో బిగించనిదే నీరు చొరకుండా ఆపడం కష్టమనీ, వేలిముద్రల వంటి భద్రతా భాగాలను ఎవరు పడితే వారు మార్చరాదనీ వారంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని నకిలీ భాగాలు చలామణీ కావడానికి ఒక పెద్ద కారణం అసలు భాగాలు బయట దొరకకపోవడమే. వేలిముద్ర పరికరానికి చెప్పే కారణం ఛార్జింగ్ పిన్నుకు వర్తించదు. ప్రమాదం వున్నదన్న మాట నిజమైతే, ఆ ప్రమాదాన్ని వివరించే పుస్తకాన్ని మెకానిక్కుకు ఇవ్వవలె గాని దాచిపెట్టరాదు.

కేంద్ర ప్రభుత్వం ఈ విషయంలో నిద్రపోతున్నదనలేము. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు–టాబ్లెట్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకున్నారు. ఆ సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవాన, మరమ్మతు సమాచారం కోసం ఒక పోర్టల్ ప్రారంభమైంది. మరమ్మతు సౌలభ్యాన్ని అంకెలలో కొలిచే సూచికపై 2024లో నియమించిన మరొక సంఘం 2025 మే 3న నివేదిక సమర్పించింది. ఫోను ఎంత సులభంగా విప్పవచ్చును, విడిభాగాలు ఏ మేరకు దొరుకుతాయి, ఏ పనిముట్లు కావలె, సమాచారం ఎంత ఇస్తారు అన్నవాటిని బట్టి మార్కులు వేసి, కొనేవారికి కనబడేటట్లు ప్రదర్శించాలని అది సూచించింది. మంచి సూచన. కాని సూచిక ఫోనును కొనేనాడు ఉపయోగపడుతుంది. విరిగిననాడు కావలసింది విడిభాగం.

ఇవన్నీ సంఘాలు, పోర్టళ్ళు, నివేదికలు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆరు హక్కులను పేర్కొన్నది. అందులో మరమ్మతు హక్కు అన్న మాట లేదు. ఇంతలో 2023 మే 31న ఎలక్ట్రానిక్స్ శాఖ బెంగుళూరులో మరొక ప్రయోగం ఆరంభించింది. ఇతర దేశాల ఎలక్ట్రానిక్ పరికరాలను ఇక్కడికి రప్పించి బాగుచేసి పంపే పరిశ్రమను ప్రోత్సహించి, భారతదేశాన్ని ప్రపంచ మరమ్మతు రాజధానిగా చేయడం దాని ఆశయం. ఆశయం మెచ్చుకోదగినదే. అయితే ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అన్నట్లు కాకూడదు కదా!

మార్గం మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను, పరీక్షా పనిముట్లను స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వకపోవడం పోటీ చట్టానికి విరుద్ధమన్నది. ఆ ఉత్తర్వుపై అప్పీళ్ళు నడిచిన మాట నిజమే గాని, అందులోని సూత్రం ఫోనుకు వర్తించదనడానికి కారణం కనబడదు.

ఐరోపా సమాజం ఈ దారిలో కొంత ముందుకు పోయింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు, టాబ్లెట్లకు టైప్-సి రంధ్రం తప్పనిసరి. 2025 జూన్ 20 నుంచి అమలైన మరొక నిబంధన ప్రకారం, ఒక నమూనా అమ్మకం ఆగిన తరువాత కూడా 7 సంవత్సరాలు విడిభాగాలు దొరకాలి. వృత్తి మెకానిక్కులకు ఇవ్వవలసిన భాగాలలో ఛార్జింగ్ కనెక్టర్ పేరు స్పష్టంగా వున్నది. గృహస్థునికి, మెకానిక్కుకు వేర్వేరు జాబితాలు పెట్టడం గమనించదగినది. వస్తు స్వభావం గీసిన గీతను వారు గౌరవించారు, వ్యాపారం గీసిన గీతను చెరిపే ప్రయత్నం చేశారు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం, విడిభాగానికి సాఫ్ట్‌వేర్ ముడివేసి బయటి మరమ్మతును అడ్డుకోవడాన్ని నిషేధించింది.

మన పార్లమెంటు చేయవలసింది పెద్ద గ్రంథమేమీ కాదు. ఫోను, టాబ్లెట్ అమ్మే ప్రతి కంపెనీ నిర్ణీత కాలం పాటు విడిభాగాలను, బోర్డు పటాలను సహేతుకమైన ధరకు స్వతంత్ర మెకానిక్కులకు అమ్మవలెనన్నది ఒక నిబంధన. బయట బాగుచేయించినంత మాత్రాన, దానితో సంబంధం లేని లోపానికి హామీ నిరాకరించరాదన్నది రెండవది. ప్రభుత్వ ధనంతో కొనే ఫోన్లలో, టాబ్లెట్లలో ఛార్జింగ్ పిన్ను విడి పలక మీదనే వుండవలెనని టెండరులో వ్రాయడం మూడవది. ఈ మూడవదానికి చట్టం కూడా అవసరం లేదు. కొనుగోలు శాఖ కార్యదర్శి సంతకం చాలు.

2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులనీ, అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినది నాలుగవ వంతుకు లోపేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్కగట్టింది. ఆ గుట్టలో బియ్యపు గింజంత భాగం చెడినందుకు పారవేసిన ఫోన్లు కూడా వున్నాయి. కనెక్టర్ తయారు చేసేవారికి ఇచ్చిన రాయితీని ఎవరూ ఆక్షేపించరు. రాబోయే సమావేశాలలో ఏ సభ్యుడైనా లేచి, ఆ కనెక్టర్ విరిగిననాడు దానిని బాగుచేసే వాని సంగతేమిటని మంత్రిగారిని ఒక్క అనుబంధ ప్రశ్న వేస్తే, మరమ్మతుకు కూడా సభా చర్చలలో చోటు దొరుకుతుంది.