ముందు కట్టినోడికి రాయితీ... పంట చేతికి రానోడికో?

పురుగుమందు కోసం బండి మీద అమరావతి నుంచి గుంటూరు బయల్దేరారు. నెత్తిన హెల్మెట్ లేదు. పోలీసులు ఫొటో తీశారు, చలానా పడింది. ఈ తప్పుకు ఒకప్పుడు 100 రూపాయలు కడితే సరిపోయేది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక 1000 అయింది. తప్పు తప్పే, కాదనటం లేదు. పేచీ రాయితీ దగ్గర.

ఇంగ్లండులో కారు నిలపకూడని చోట నిలిపితే పడే జరిమానా 14 రోజుల్లో కడితే సగమే. సర్కారుకు వసూలు తిప్పలు తప్పుతాయి కాబట్టి వినటానికి బాగానే ఉంది. అదే పద్ధతి మన దగ్గర పెడితే ఏమవుతుందో చూడండి. మిరప నారు పోసి, నాట్లు వేసే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉన్న రూపాయి కాస్తా ఎరువుకీ కూలికీ పోతుంది. పత్తి తొలి తీత డబ్బు కళ్లజూసేసరికి అక్టోబరు దాటుతుంది. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డులో జోరుగా కాటాకెక్కేది ఫిబ్రవరి నుంచి. నెల జీతగాడు 500 కట్టి బయటపడతాడు. కౌలు రైతు 1000 కడతాడు, లేదా వడ్డీకి తెచ్చి కడతాడు. తప్పు ఒక్కటే, వెల రెండు రకాలు. ఇదేం న్యాయం?

పోనీ, ఆలస్యమైన వాళ్లకు తగ్గిస్తే? తెలంగాణలో 2022 మార్చిలో పాత చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. లేనోడికి ఊరటే. కానీ అప్పు చేసి వేళకు కట్టినోడు వెర్రివాడయ్యాడు. ఆగితే లాభమని జనానికి నేర్పినట్టయింది.

దారి మన బ్యాంకులోనే ఉంది. పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులో కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆ గడువు పంట వచ్చే కాలాన్ని చూసి పెడతారు. చిన్న తప్పుల జరిమానాకూ అలాగే చేయొచ్చు. రాయితీ ఇస్తే అందరికీ ఆరు నెలలు గడువివ్వాలి, లేదా రెండు మూడు వాయిదాల్లో కట్టనివ్వాలి. గడువు దాటితే మాఫీ ఉండకూడదు. మీ ఊరికొచ్చే నాయకుల్ని ఈ మాట అడగండి.

ఈలోగా హెల్మెట్ మాత్రం మానొద్దు. చలానా పంట వచ్చాక కట్టుకోవచ్చు, తల పగిలితే ఇల్లే కూలుతుంది.