విగ్రహం దగ్గరే ఆగిపోకండి

ఆంధ్రప్రదేశ్ భాషా సాంస్కృతిక శాఖ పెద్దలకు,

విశాఖ బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడుగారి విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో వ్యాయామం నేర్పి, సొంత సర్కస్ కంపెనీతో ఊరూరా తిరిగి, 1942లో కన్నుమూశారు. ఛాతీమీద పలక పెట్టించుకుని దానిమీద ఏనుగును నడిపించుకునేవారనీ, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచేవారనీ మా తాతగారు చెప్పేవారు. కండల సంగతి తాతగారు ఎత్తేవారే కాదు. ప్రాణాయామం, ఏళ్ల సాధన అనేవారు. ఆ సాధన విగ్రహంలో ఎలా కనపడుతుంది?

నేనడిగేది ఆ సాధన గురించే. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ 1901లోనే సర్కస్‌కు బడి పెట్టారు. అంటే అది గురువు దగ్గర నేర్చుకునే విద్య. ఉయ్యాల ఫీట్లు చేసే పిల్ల గాల్లో చేతులు చాచిందంటే, అవతల తలకిందులుగా వేలాడేవాడి లెక్కమీద ఆమెకంత నమ్మకం. కింద వల ఉన్నా, అందులో పడటం కూడా నేర్చుకోవాల్సిందే. వీపు ఆనేట్టు పడాలి, కాళ్లమీద పడితే కాళ్లు విరగొచ్చు. ఇనుప జల్లెడ గోళంలో మోటార్‌సైకిల్ తిప్పేవాడికి వేగమే ఆధారం. అది తగ్గిందా, బండి పైనుంచి జారిపోతుంది. చిన్నప్పుడు మా ఊరి డేరాలో ఆ మోత వింటూ అమ్మ కొంగు పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ ఆ పెట్రోలు వాసన గుర్తుంది.

అదే డేరాలో సింహం మంటల చక్రంలోంచి దూకింది. అప్పుడు చప్పట్లు కొట్టాను. ఇప్పుడైతే కొట్టను. మనిషి ఒప్పుకుని తన ప్రాణం పణం పెట్టాడు, సింహాన్ని ఎవరడిగారు? 1998లో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఆటలను నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కస్ బోనుల్లోంచి విడిపించిన సింహాలు, పులులు కొన్ని మన విశాఖ, తిరుపతి సంరక్షణ కేంద్రాలకు వచ్చాయి. ఆ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, గిర్ జాతుల సంకరం. అందుకని వాటికి పిల్లలు పుట్టకుండా ఆపారు. ముసలివై, ఒక్కొక్కటిగా రాలిపోయాయి.

మనుషుల కథా, జంతువుల కథా రెండూ ఒకే డేరావి. అటవీ శాఖవారితో మాట్లాడి, ఆ కేంద్రాల దగ్గర ఆ జంతువుల కథ రాయించండి. రామ్మూర్తిగారి విగ్రహం దగ్గర ఆయన సాధన ఏమిటో బొమ్మలతో సహా చెప్పించండి. అన్నిటికన్నా ముందు, సర్కస్‌లో పనిచేసి ఇళ్లకు చేరిన మనవాళ్ల మాటలు రికార్డు చేయించండి. వలలు కట్టినవాళ్లు, జోకర్లు, మావటీలు, వంటవాళ్లు, అందరివీ. వాళ్లలో చాలామందికి వయసు మీదపడింది.

మా పక్క వీధిలో ఒకావిడ ఉన్నారు. ఇరవై ఏళ్లు ఉయ్యాలమీద ఆడారు. ఇప్పుడు కుడిచెయ్యి భుజందాకా లేవదు, గొంతు మాత్రం ఖంగుమంటుంది. ఆవిడను అడిగాను, చెబుతానన్నారు. మీవాళ్లను పంపితే ఇల్లు నేను చూపిస్తాను.

ఇట్లు,
విజయనగరం వాసి