రేటింగ్ ఇచ్చేది ఒకరు, పడుకునేది ఇంకొకరు

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక అలవాటుంది. ఏది కొనాలన్నా ముందు స్టార్లు లెక్కపెడతాం. నాలుగున్నర స్టార్లు, రెండు వేల రివ్యూలు కనిపించాయా, ఇంక ఆలోచించకుండా కార్ట్‌లో పడేస్తాం. ప్రెషర్ కుక్కర్‌కి ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. వండేదీ, తినేదీ, తిట్టుకునేదీ, రివ్యూ రాసేదీ ఒకే ఇంటివాళ్ళు కాబట్టి. హామ్‌స్టర్ సామాన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ లెక్క పూర్తిగా తప్పుతుంది. ఇక్కడ కస్టమర్ వేరు, యూజర్ వేరు. ఆ యూజర్ బగ్ రిపోర్ట్ రాయలేదు. పైగా అది గద్దలకీ గుడ్లగూబలకీ ఆహారమయ్యే జాతి. ఒంట్లో బాగాలేకపోయినా బయటికి కనపడనివ్వదు. అలాంటి ప్రాణి గురించి "మా చింటూగాడు ఫుల్ హ్యాపీ, ఫైవ్ స్టార్స్" అని రాస్తే దాని విలువెంత?

అపార్ట్‌మెంట్లలో ఈ చిట్టెలుకల ముచ్చట ఎలా మొదలవుతుందో మీకూ తెలుసు. పిల్లాడు కుక్క కావాలంటాడు, అసోసియేషన్ వాళ్ళు గొడవ చేస్తారని మనం వద్దంటాం, మధ్యేమార్గంగా హామ్‌స్టర్ వస్తుంది. దాంతోపాటే షాపువాడు ఒక "స్టార్టర్ కిట్" అంటగడతాడు. గులాబీ రంగు గూడు, రంగురంగుల దూది, లావెండర్ వాసనేసే పొట్టు, నీలం ఇసుక, అరచేతంత చక్రం. నేననేది ఏంటంటే, ఆ కిట్‌లో వస్తువులన్నీ కొనేవాడి కళ్ళ కోసం, కొనేవాడి ముక్కు కోసం తయారైనవి. వాడేదాని కోసం కాదు.

ముందు ఆ దూది సంగతి. మెత్తగా ఉంటుంది కదా, పాపం వెచ్చగా పడుకుంటుంది అనుకుంటాం. ఆ దూదిలో సన్నటి పోగులుంటాయి, అంత తేలిగ్గా తెగవు. కాలికి చుట్టుకుంటే అది గుంజుకునేకొద్దీ బిగుసుకుంటుంది, రక్తం ఆడదు. హామ్‌స్టర్ ఏది దొరికినా బుగ్గ సంచుల్లో కుక్కుకుంటుందన్న సంగతి మర్చిపోకండి. దూది బుగ్గలో ఇరుక్కోవచ్చు, మింగితే పేగుల్లో అడ్డంపడొచ్చు. వాసన లేని, రంగు లేని టాయిలెట్ పేపర్ చింపి వేస్తే అదే పని జరుగుతుంది, ఖర్చు పదోవంతు. మరి ఆ దూది ఇంకా ఎందుకు అమ్ముతున్నారు? ఫొటోలో బాగుంటుంది కాబట్టి!

ఇక చెక్కపొట్టు. దేవదారు, పైన్ లాంటి కలపల వాసన మనకి భలే ఇష్టం. ఆ వాసన ఆవిరయ్యే రసాయనాలది. ఇదేదో ఈమధ్య పుట్టిన భయం కాదు. 1967లోనే ఎలియట్ వెసెల్ అనే శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో రాశాడు. ఎలకల్నీ చుంచుల్నీ ఇలాంటి మెత్తకలప పొట్టు మీద ఉంచితే, మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు వాటి లివర్‌లో పెరిగిపోయాయి. నిద్రమందు ఇస్తే తక్కువసేపే పడుకున్నాయి. ఆయన చూసింది హామ్‌స్టర్లని కాదు, నిజమే. కానీ కేవలం పరుపు మారిస్తే లివర్ పనితీరు మారిందంటే, తర్కం తెలిసినవాడెవడైనా ఒక్క క్షణం ఆగాలి కదా? బట్టీలో బాగా ఆరబెట్టిన పైన్ కొంత నయం, వాసన చాలావరకు పోతుంది. దేవదారు మాత్రం అసలొద్దు. కాయితం గుజ్జుతో చేసిన పొట్టు, ఆస్పెన్ పొట్టు దొరుకుతున్నాయి, అవి వాడొచ్చు.

"వడ్రంగి దగ్గర పొట్టు ఫ్రీగా వస్తుందిగా" అనే మహానుభావులు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు :) అయ్యా, మీ ఇంటీరియర్ పని చేసే వడ్రంగి కోసేది ఎక్కువగా ప్లైవుడ్డూ, ఎండీఎఫ్ఫూ. వాటిని అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పైగా అది పొట్టు కూడా కాదు, దుమ్ము.

సువాసన బెడ్డింగ్ గురించి ఒక్క మాట. మూత్రం వాసన వస్తోందని లావెండర్ కలపడమంటే ఎక్సెప్షన్‌ని పట్టుకుని క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలెయ్యడమే. ఏ మూల తడిసిందో ఆ మూలే మార్చండి. అలాగని వారం వారం మొత్తం ఊడ్చెయ్యకండి. అది తన వాసనతోనే తన ఇంటిని గుర్తుపడుతుంది.

అన్నిటికంటే పెద్ద మోసం లోతు దగ్గర జరుగుతోంది. మనం పెంచుకునే బంగారు రంగు హామ్‌స్టర్ సిరియాది. 1930లో అలెప్పో దగ్గర పొలంలో తవ్వి తీసిన ఒక తల్లీపిల్లల సంతానమే ఇవాళ్టి పెంపుడు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ. 1990ల చివర్లో జర్మన్ పరిశోధకులు సిరియా, టర్కీ పొలాల్లో వాటి బొరియలు కొలిస్తే లోతు 36 నుంచి 106 సెంటీమీటర్ల దాకా ఉంది. అంటే ఈ జంతువు భూమిలోపల బతికేది. మనం దానికి రెండు వేళ్ళ మందం పొట్టు వేసి, పైన ప్లాస్టిక్ జారుడుబల్ల పెడతాం. స్విట్జర్లాండ్‌లో బెర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో 10, 40, 80 సెంటీమీటర్ల లోతు పొట్టు వేసి పోల్చి చూశారు. 10 సెంటీమీటర్ల దాంట్లో ఉన్నవి మిగతావాటికంటే బోను ఊచలు ఎక్కువ కొరికాయి, చక్రం మీద కూడా ఎక్కువ పరిగెత్తాయి. రాత్రి పదకొండింటికి టకటకమని ఊచలు కొరుకుతుంటే మనం "ఎంత యాక్టివో!" అని వీడియో తీస్తాం. అది యాక్టివ్‌గా ఉండడం కాదండీ, తవ్వుకోడానికి చోటు లేక చేసే పని. జర్మనీ పశువైద్యుల సంఘం చెప్పే కనీస కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. మన కిట్ గూడు అందులో పావు వంతుంటే గొప్ప.

ఇసుక కూడా ఇలాంటిదే. ఒంటి మీద జిడ్డు పోవడానికి అవి ఇసుకలో దొర్లుతాయి, నీళ్ళతో స్నానం చేయించకూడదు. "బాత్ సాండ్" పేరుతో అమ్మేవాటిలో సగం టాల్కం పౌడర్‌లా ఉంటాయి. గ్లాసులో పోస్తే పొగలా లేచిందంటే అది ఊపిరితిత్తుల్లోకే. కాల్షియం ఇసుక, తడిస్తే గడ్డకట్టే పిల్లి ఇసుక కూడా పనికిరావు, అవి బుగ్గ సంచుల్లో గడ్డకడితే ఎవరు తీస్తారు? కింద కట్టే బిల్డింగ్ నుంచి తెస్తానంటారా, అక్కడ పడున్నది ఎక్కువగా ఎం-సాండ్, అంటే పిండిచేసిన రాయి. అంచులు పదును, రాతిదుమ్ము ఎక్కువ. మామూలు ఏటి ఇసుక దొరికితే జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, శెనగలు వేయించేవాడిలా మూకుట్లో పోసి బాగా వేయించి చల్లార్చండి. ఓ అరపూట పని.

చక్రం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిరియన్ రకానికి కనీసం 28 సెంటీమీటర్లు, అడుగు ఊచలతో కాకుండా పూర్తిగా మూసి ఉండాలి. నడుం వంగిపోతుంటే చక్రం చిన్నదన్నమాట.

"ఒక ఎలక్కి ఇంత హడావిడా?" అంటారు, తెలుసు. "మేమంతా ఇలాగే పెంచాం, ఏం కాలేదు" అని కూడా అంటారు. రెండేళ్ళు బతికే జీవి ఎనిమిది నెలలకి పోతే "వాటి ఆయుష్షు అంతే" అనుకుని ఇంకోటి తెచ్చుకున్నవాళ్ళ మాట అది. చనిపోయినవాటి లాగ్స్ చూడకుండా అప్‌టైమ్ బాగుందంటే ఎలా? చట్టం కాపాడుతుందనుకోకండి. కదలడానికి సరిపోని బోనులో పెట్టడం 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. మొదటి తప్పుకి అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కెఫెటేరియాలో ఒక కాఫీ ఖర్చు. 2018లో పెట్ షాపులకి రూల్స్ వచ్చాయి, రిజిస్ట్రేషన్ తప్పనిసరన్నారు. మీ వీధిలో షాపుకి ఉందో లేదో ఈసారి వెళ్ళినప్పుడు అడిగి చూడండి, వాడి మొహమే చెబుతుంది.

ఆల్రెడీ కిట్ కొనేసినవాళ్ళు ఇవాళ రాత్రికి ఆ దూది తీసేసి, టాయిలెట్ పేపర్ చింపి ఒక మూల వెయ్యండి. మనం సర్దక్కర్లేదు, అదే మోసుకెళ్ళి గూడు కట్టుకుంటుంది. పెద్ద పెట్టె, లోతైన పొట్టు శనివారం చూసుకోవచ్చు.