చెరువు గట్టున పుట్టిన ప్రశ్న



2025 ఆగస్టులో ఆకివీడు ప్రాంతపు రొయ్యల రైతు కుమారుడొకడు మమ్మల్ని అడిగాడు: "హజ్రత్, అమెరికావాళ్ళు సుంకం పెంచితే మా చెరువులో రొయ్య ధర ఎందుకు పడిపోవాలి?" మన దేశపు సరుకులు అనేకంపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి చేర్చిన నెల అది. క్రయవిక్రయాల ధర్మశాస్త్రాన్ని ఏళ్ళుగా బోధిస్తున్న మాకు సూటి సమాధానం తోచలేదు. అతనికి మాత్రం సెల్‌ఫోనులో పది సమాధానాలు దొరికాయి; ఒకదానితో ఒకటి పొసగనివి!

మనం పెంచే వెనామీ రొయ్య అసలు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. మన దేశంలో దాని సాగుకు అనుమతి 2009లో లభించింది. తల్లి రొయ్యలూ, కొనేవారూ సముద్రానికి ఆవలే. అప్పు మాత్రం మన ఇంటిది. అందుకే లోకవ్యవహారాలు మనకు పరాయివి కావు. మేము చదివిన నాలుగు గ్రంథాలను మీకు సూచిస్తున్నాము.

థామస్ ఫ్రీడ్‌మన్ రచన 'ది వరల్డ్ ఈజ్ ఫ్లాట్' (2005). సాంకేతికత దేశాల మధ్య అడ్డుగోడలను కూల్చి, అందరికీ అవకాశాలు తెచ్చిందని ఆయన వాదన.

దీనికి మరో పార్శ్వం జోసెఫ్ స్టిగ్లిట్జ్ రచన 'గ్లోబలైజేషన్ అండ్ ఇట్స్ డిస్కంటెంట్స్' (2002). ఆయన ప్రపంచబ్యాంకులో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేశారు. 2001లో నోబెల్ బహుమతి పొందారు. పేద దేశాలను తలుపులు తెరవమంటూ సంపన్న దేశాలు తమ తలుపులు మూసుకుంటాయని చూపించారు. దోషం ప్రపంచీకరణది కాదు, దాన్ని నడిపే తీరుదని తేల్చారు. మా విద్యార్థి ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇందులోనే దొరికింది.

ఇంగ్లీషు రానివారికి జాన్ పెర్కిన్స్ రచన 'ఒక దళారీ పశ్చాత్తాపం' పేరుతో తెలుగులో ఉంది. అప్పుల ఎరతో దేశాలను లొంగదీసుకునే తీరును ఆయన స్వానుభవంగా చెప్పారు. అయితే ఆయన కథనంపై పలువురు సందేహాలు వెలిబుచ్చారు. మన మనసుకు నచ్చిన మాటనూ నిర్ధారించుకున్నాకే నమ్మాలి. వార్తను విచారించి తెలుసుకోమని హుజురాత్ సూరాలోని ఆరవ ఆయత్ ఆదేశం. శత్రువుపై చెప్పే మాటకూ అది వర్తిస్తుంది.

నాలుగవది ఇబ్నె ఖల్దూన్ 'ముఖద్దిమా' (1377). పన్నుల భారం మితిమీరితే ప్రజలకు శ్రమించే ఉత్సాహం నశిస్తుందని ఆయన ఆనాడే వివరించారు. ఆలోచించకుండా కథనాలను స్వీకరించే చరిత్రకారులనూ విమర్శించారు.

ఇషా నమాజు తర్వాత వారానికొక అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఆడపిల్లలనూ కూర్చోబెట్టుకోండి, చెరువు అప్పు వారి చదువునూ తాకుతుంది. రొయ్య ధరను మనం నిర్ణయించలేకపోవచ్చు. కానీ వచ్చే పంటకు అప్పు చేయాలో వద్దో నిర్ణయించేది మనమే. ఆ నిర్ణయం పుకారుపై కాక, తెలివిడిపై నిలవాలి.