మనం కొన్న ఎరువు, నాచుకు మేత

సముద్రపు నీటిలో కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది. చేపలకు అదే మేత. నత్రజని, భాస్వరం మితిమీరి అందితే మాత్రం అది రోజుల్లోనే పెరిగిపోయి నీటి రంగునే మార్చేస్తుంది. కొన్ని రకాలు విషాన్ని పుట్టిస్తాయి. కొన్ని చచ్చి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి, చేపలు తేలిపోతాయి. మెట్ట పల్నాడుకు సముద్రంతో ఏం పని అనొచ్చు. ఆ నాచు మేస్తున్నది రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువునే.

మెక్సికోలో యాకీ లోయ ఉంది. మన సాగర్ ఆయకట్టులాగే కాలువ కింద సేద్యం, పంట గోధుమ. అక్కడ పొలాలకు ఎరువు వేసి నీరు పెట్టిన కొద్ది రోజులకే పక్క సముద్రంలో నాచు విరగబెరుగుతోందని ఉపగ్రహ చిత్రాలు చూసి శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. మన చంద్రవంక, నాగులేరు కలిసేది కృష్ణలోనే. కృష్ణ పోయేది హంసలదీవికే.

అంత దూరం కూడా అక్కర్లేదు. పొలాల నీరు, ఊరి మురుగు చేరిన చెరువుల మీద వేసవిలో పచ్చరంగు పోసినట్లు తెట్టు కడుతుంది. అది మంచినీటిలో పెరిగే రకం. అందులోనూ విషపువి ఉన్నాయి, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో సుమారు 5 లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దన్నది ఇందుకే. కాచినా ఆ విషం పోదు. ఈ మాట ఇళ్లలో ఆడవాళ్లకు ముందుగా చెప్పండి. గొర్రెలనూ గేదెలనూ తెట్టున్న నీటికి తోలొద్దు. 2020లో బోట్స్‌వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోతే ఈ విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

ఇక రైతులు యూరియా కుమ్మరిస్తున్నారని నిందించేవారికి ఒక మాట. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చి యూరియాను దాని బయట ఉంచింది ఎవరు? 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు, డీఏపీ కట్ట 1350. కౌలు కట్టాల్సినవాడు పైరు పచ్చబడకపోతే చౌకగా దొరికిందే ఇంకో కట్ట వేస్తాడు. వరిలో ఆ నత్రజని సగం కూడా పైరుకు అందదు.

యూరియా ధర పెంచమని మేము అనడం లేదు. పొటాష్ ధర దించాలి. జీలుగ, జనుము విత్తనాలు అదునుకు ఇవ్వాలి. భూసార పరీక్ష ఫలితం విత్తకముందే చేతికి రావాలి. మంచినీటి చెరువులకు వేసవిలో నాచు విషం పరీక్ష చేసి ఫలితాన్ని పంచాయతీ బోర్డు మీద రాయాలి. మన వంతుగా వరికి యూరియా మూడు దఫాలుగా, నీరు తీసిన మడిలో వేద్దాం. వేశాక ఒకటి రెండు రోజులు ఆగి నీరు పెట్టి, ఆ నీటిని డ్రైనుకు వదలకుండా గట్లు చూసుకుందాం.