కార్లు లేని ఊరు.. కానీ ఓటేసి గెలిపించిన మేయర్ ఉన్నాడు! మరి శ్రీకాకుళంలో?

తారు రోడ్ల బదులు చెక్క వంతెనలు. కారు లేదు, బైక్ లేదు, అంతా సైకిళ్లే. బ్రెజిల్‌లోని అఫువా వీడియోలు మీలో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. అమెజాన్ నది సముద్రంలో కలిసే చోట, మరజో దీవుల్లో ఉంది ఈ ఊరు. నది పోటెత్తితే నీళ్లు ఇంటి కిందకు వచ్చేస్తాయి. అందుకే ఇళ్లు స్తంభాల మీద కట్టుకున్నారు. చుట్టుపక్కల పల్లెలకు వెళ్లాలంటే పడవే దిక్కు.

వీడియోలో కనిపించనిది ఇదీ

అఫువా మున్సిపాలిటీ విస్తీర్ణం 8,300 చదరపు కిలోమీటర్లకు పైనే. విడిపోక ముందు మన శ్రీకాకుళం జిల్లా మొత్తం 5,837 మాత్రమే. కానీ అక్కడి జనం 2022 లెక్కల్లో 38 వేల లోపే. అంటే చదరపు కిలోమీటరుకు ఐదుగురు కూడా లేరు. మన పాత జిల్లాలో 2011 నాటికే 463 మంది.

అయినా సరే, వాళ్లకు నాలుగేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి. మేయర్‌నీ, కౌన్సిలర్లనీ ఓటేసి ఎన్నుకుంటారు. 2024 అక్టోబర్‌లో కూడా బ్రెజిల్ అంతటా ఈ ఎన్నికలు జరిగాయి.

మరి మన దగ్గర?

నాగావళి ఒడ్డున లక్షకు పైగా జనం ఉన్న శ్రీకాకుళంలో చివరి పాలకవర్గం గడువు 2010లోనే ముగిసింది. 2015లో కార్పొరేషన్ చేశారు. హోదా పెరిగింది కానీ ఓటు రాలేదు. రాష్ట్రంలో 2014లో, 2021లో మున్సిపల్ ఎన్నికలు జరిగితే, రెండుసార్లూ ఇక్కడ పోలింగ్ లేదు. రాజాం నగర పంచాయతీదీ అదే కథ. 2013లో ఏర్పడిన నెల్లిమర్ల నగర పంచాయతీ అయితే, తొలిసారి ఓటు వేసింది 2021లో.

ఎందుకు ఆగింది?

శ్రీకాకుళం, రాజాంలో ప్రధాన కారణం విలీన గ్రామాల గొడవలు, కోర్టు కేసులు. అయితే ఆ పల్లెల భయాన్ని కొట్టిపారేయలేం. ఉపాధి హామీ పని గ్రామాలకే. ఊరు పట్టణంలో కలిస్తే ఆ పని పోతుంది. పైగా పట్టణం పన్నులు కట్టాలి. పొలం పనులకు వెళ్లే కుటుంబానికి ఇది చిన్న లెక్కేం కాదు.

కానీ రాజ్యాంగం ఏమంటోంది? 74వ సవరణ ప్రకారం పాలకవర్గం గడువు ఐదేళ్లు. అది ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తి చేయాలి. ప్రత్యేకాధికారి పాలన తాత్కాలికం కావాలి. అది పదేళ్లు దాటిపోతే ఏమనాలి?

అసలు పాయింట్

అఫువా స్వర్గమేమీ కాదు. మానవాభివృద్ధిలో బ్రెజిల్‌లో బాగా వెనకబడిన ప్రాంతాల్లో అదొకటి. ఓటు వేసినంత మాత్రాన కుళాయిలో నీళ్లు రావు. కానీ నీళ్లు రాకపోతే ఎవరింటికి వెళ్లి అడగాలో తెలుస్తుంది. అధికారికి బదిలీ ఉంటుంది. కౌన్సిలర్ మాత్రం మళ్లీ అదే వీధికి ఓటు అడగడానికి రావాలి.

పడవల మీద తిరిగే ఊళ్లో పోలింగ్ పెట్టగలిగారు. రోడ్లున్న మన ఊళ్లకు అడ్డమేంటి? ఈసారి ఓట్లు అడగడానికి వచ్చే ఏ పార్టీ నాయకుణ్నైనా ముందు ఇదే అడగండి.